వదులు చొక్కాకూ అనుమతేనా?

యూనిఫాం చొక్కా విషయంలో ఒక గర్భిణి ఉద్యోగికి ఆమె సంస్థ మెమో ఇచ్చిన సంగతి వారం రోజులుగా నలుగుతోంది. ఆమెకు ఏడో నెల. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి చేసే కౌంటర్ ఉద్యోగం. యూనిఫాం ప్యాంటు గుండీ పట్టడం మానేసి చాలా రోజులైంది. జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండును కాజాలోంచి దూర్చి, గుండీకి తగిలించి నెట్టుకొచ్చింది. అది బయటికి కనిపించకుండా చొక్కాను ప్యాంటు పైకి వదిలేసింది. చొక్కా లోపలికి దోపుకోలేదని మెమో ఇచ్చారు. వదులు దుస్తులు కావాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలన్నారు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నది యాజమాన్యం చెప్పిన కారణం.

ఒక్క మెమోకి సంపాదకీయం అవసరమా అన్న ప్రశ్న మా డెస్క్‌లోనే వచ్చింది. అవసరమే. మమ్మల్ని భయపెడుతున్నది ఆ చొక్కా కాదు, ఆ అనుమతి. బిడ్డను మోస్తున్న శరీరం నెలనెలా పెరుగుతుంది. అది ఆమె కోరికా కాదు, నిర్లక్ష్యమూ కాదు. ఆ పెరిగే పొట్టకు సరిపడా బట్ట వేసుకోవడానికి పైఅధికారి సంతకం కావాలని ఈ రోజు ఒప్పుకుంటే, రేపు కూర్చోవడానికి కావాలి, మంచినీళ్లు తాగడానికి కావాలి, బాత్రూంకి వెళ్లి రావడానికి కావాలి. ఇవన్నీ గర్భిణికి మామూలు కన్నా ఎక్కువసార్లు అవసరమయ్యేవే. ఒక్కసారి ఆనవాయితీ పడిందంటే దాన్ని తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

యూనిఫాం క్రమశిక్షణకు గుర్తు, సంస్థకు గుర్తింపు అనే వాదన ఉంది. యంత్రాల దగ్గర వేలాడే బట్ట ప్రమాదమన్న మాటా నిజమే. కానీ యంత్రం దగ్గర వేలాడే బట్ట వద్దంటే, ఆమె ఒంటికి సరిగ్గా కుట్టిన బట్ట ఇవ్వాలి. వేలాడేదీ వద్దు, సరిపోయేదీ ఇవ్వం అంటే ఇక ఆమె ఏం వేసుకోవాలి?

బిగుతు బట్ట అంటే కాసేపు ఇబ్బంది, ఓర్చుకుంటే సరిపోతుంది అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకోసం కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండో వారానికల్లా గర్భసంచి కటి ఎముకల మధ్య నుంచి పైకి రావడం మొదలవుతుంది. ఇరవయ్యో వారానికి బొడ్డు దగ్గర ఉంటుంది. ముప్పై ఆరో వారానికి పక్కటెముకల కిందకి చేరుతుంది. ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. గర్భానికి ముందు సాధారణ బరువున్న మనిషి ఈ తొమ్మిది నెలల్లో పదకొండున్నర నుంచి పదహారు కిలోల దాకా పెరగడం మామూలే. ఇంత మార్పు మధ్యలో నడుము దగ్గర గట్టి పట్టీ ఒకటి అంగుళం కూడా కదలకుండా కూర్చుంటుంది. పైకి నొక్కితే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. గర్భంలో అవి ఎలాగూ ఎక్కువే, పట్టీ వాటిని ఇంకా పెంచుతుంది. కిందికి నొక్కితే తొడ బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం తుంటి ఎముక ముందు అంచు దగ్గర నలిగిపోతుంది. తొడ తిమ్మిరెక్కుతుంది, మండుతుంది, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఇలా బాధపడుతూ వెళ్లినవాళ్లకు డాక్టర్లు ముందు చెప్పేది బిగుతు బెల్టులు, బిగుతు ప్యాంట్లు మానేయమనే. గాలి ఆడని లోదుస్తుల వల్ల చెమట, ఒరుపు, ఫంగస్ ఇన్ఫెక్షన్. గజ్జల దగ్గర, పిక్కల దగ్గర పట్టేసే ఎలాస్టిక్ వల్ల ముందే వాచిన కాళ్లకు మరింత బాధ.

సాయంత్రం ఇంటికొచ్చి ప్యాంటు విప్పినప్పుడు పొట్ట చుట్టూ ఎర్రగా కనిపించే గాడిని చూడండి. గుండీ ఆకారం కూడా చర్మం మీద అచ్చుపడి ఉంటుంది. వేలితో రాస్తే గంట తర్వాత కూడా తగులుతుంది. మెమో రాసిన చేతికి ఆ గాడి ఒక్కసారైనా తగిలి ఉంటే ఆ కాగితం మీద సంతకం పడేది కాదు.

"రెండు సైజులు పెద్దది తీసుకోండి" అన్నది చాలా చోట్ల చూపే పరిష్కారం. ఉదారంగా వినిపిస్తుంది గానీ పనికిరాదు. గర్భంతో పెరిగేది పొట్ట, ఛాతీ. భుజాలు పెరగవు, చేతులు పొడవవ్వవు. రెండు సైజులు పెద్ద చొక్కా తొడిగితే భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది, కఫ్ వేళ్ల మీదకు వస్తుంది, పొట్ట దగ్గర గుండీల మధ్య సందులు మాత్రం అలాగే ఉంటాయి. ప్యాంటు అయితే ఇంకా ప్రమాదం. నడుము సరిపోయేసరికి అంచులు మడమ కిందకి వచ్చి కాలికి అడ్డం పడతాయి. పొట్ట ముందుకు రావడంతో మనిషి బరువు నిలిచే తీరే మారిపోయి ఉంటుంది, కీళ్ల దగ్గర పట్టు సడలి ఉంటుంది. అలాంటి మనిషి కాళ్లకు అడ్డంపడే ప్యాంటు ఇవ్వడాన్ని సర్దుబాటు అనడం మాకు చేతకాదు.

అసలు పరిష్కారం ఎప్పుడో దొరికింది. 1938లో అమెరికాలోని డాలస్‌లో ఎల్సీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే యువతి, గర్భంతో ఉన్న అక్క వేసుకున్న గుడారం లాంటి గౌను చూసి బాధపడింది. ఒక స్కర్టు తీసుకుని పొట్ట వచ్చే చోట ముందు భాగాన్ని కిటికీలా కత్తిరించి, నడుము దగ్గర తాడు పెట్టి, పైన ఒక జాకెట్ వేలాడేసింది. తుంటి దగ్గర బట్ట సరిగ్గా పట్టి ఉంటుంది, పొట్టకు చోటు ఉంటుంది, కింది అంచు ముందువైపు పైకి లేవదు. అక్కచెల్లెళ్లు దానితోనే ఒక కంపెనీ పెట్టారు. సాగే అల్లిక బట్టలు వచ్చాక ఆ కిటికీ స్థానంలో మెత్తటి సాగే పట్టా వచ్చింది. పొట్ట మీదుగా రొమ్ము కింది దాకా లాక్కోవచ్చు, లేదా బొడ్డు కిందకి మడుచుకోవచ్చు. ఏ యూనిఫాం ప్యాంటుకైనా దాన్ని కుట్టించవచ్చు. రంగు మారదు, గుర్తింపు పోదు, క్రమశిక్షణకు వచ్చిన నష్టమూ లేదు. దాదాపు తొంభై ఏళ్ల కిందట ఒక చెల్లెలు కత్తెరతో చేసిన పని, ఇవాళ ఇంతమంది అధికారులున్న సంస్థకు ఎందుకు చేతకావడం లేదు?

ఈ విషయంలో పత్రికల చేతులూ శుభ్రంగా లేవు. న్యూయార్క్‌లో లేన్ బ్రయంట్ దుకాణం గర్భిణుల కోసం ఎలాస్టిక్ నడుముతో గౌన్లు కుట్టి అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో పత్రికలు వాటి ప్రకటన వేయడానికి ఒప్పుకోలేదు. గర్భం అన్న మాట అచ్చులో కనిపించడం మర్యాద కాదన్నాయి. చివరికి 1911లో న్యూయార్క్ హెరాల్డ్ ఒప్పుకుంది. మర్నాడే దుకాణంలో సరుకంతా అయిపోయింది. అడగడానికి నోరు రాక, దొరికే చోటు తెలియక, ఎంతమంది ఇళ్లలో ఉండిపోయారో ఆ ఒక్క రోజు చూపించింది. అప్పుడు పత్రికలు అడ్డం పెట్టింది మర్యాదను. ఇప్పుడు యాజమాన్యాలు అడ్డం పెడుతున్నది డ్రెస్ కోడ్‌ను. గర్భిణి కనిపించాలంటే ఎవరో ఒకరు అనుమతించాలన్న ఆలోచన అదే, కాగితం మాత్రమే మారింది.

ఇక కాన్పు తర్వాతి నెలల సంగతి. ఇక్కడ మా కోపం రెట్టింపు, ఎందుకంటే ఇక్కడ ఆ మాత్రం చర్చ కూడా లేదు. బిడ్డ పుట్టాడు కదా, పాత బట్టలు వేసుకోవచ్చు కదా అనుకుంటారు. కానీ గర్భసంచి మళ్లీ మామూలు పరిమాణానికి రావడానికి ఆరు వారాలు పడుతుంది. కాన్పైన మర్నాడు పొట్ట ఐదారో నెలలో ఉన్నంత కనిపిస్తుంది. రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు సాగవచ్చు. పెద్ద ప్యాడ్లు పట్టే, గాలి ఆడే కాటన్ లోదుస్తులు కావాలి. మొదటి వారాల్లో రాత్రుళ్లు చెమటతో బట్టలు తడిసి ముద్దవుతాయి. సిజేరియన్ అయితే పొత్తికడుపు మీద అడ్డంగా పది పదిహేను సెంటీమీటర్ల కుట్టు ఉంటుంది. మామూలు లోదుస్తుల ఎలాస్టిక్ సరిగ్గా వచ్చి కూర్చునేది ఆ కుట్టు మీదే. ఆ పట్టీ బొడ్డు పైదాకా వచ్చేది అయితే గాయానికి ఒరుపు ఉండదు. ఇంత చిన్న సంగతి ఆపరేషన్‌కు ముందు చెప్పేవాళ్లు లేక, ఎంతమంది పచ్చి బాలింతలు ఇంటికొచ్చిన రోజే ఏడ్చారో.

పాలిచ్చే తల్లి పరిస్థితి మరీ అన్యాయం. అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి. అంటే పగలూ రాత్రీ కలిపి రెండు మూడు గంటలకోసారి. ముందు తెరుచుకునే గుండీలు, పక్కకు జరిపే పొర, ఒంటి చేత్తో విప్పగలిగే కొక్కెం, ఇవి ఆమెకు అలంకారాలు కావు. అర్ధరాత్రి చీకట్లో ఒక చేతిలో ఏడుస్తున్న బిడ్డ ఉంటుంది. వెనక జిప్ ఉన్న నైటీ అయితే ఇంకో చెయ్యి ఎక్కడికి పోవాలి? రొమ్ములు రోజులోనే పరిమాణం మారతాయి, పాలు నిండినప్పుడు రాయిలా గట్టిపడతాయి. బిగుతు బ్రా, గుచ్చుకునే వైరు అక్కడ నొక్కితే పాలు గడ్డకట్టి, వాపు, జ్వరం దాకా వెళ్లవచ్చు. వైరు లేని, సాగే, కొలత కొంచెం అటూ ఇటూ అయినా పట్టే బ్రా కావాలి. అందుకే కొలత నెలలు నిండే ముందు ఒకసారి, పాలు కుదురుకున్నాక మరోసారి తీసుకోవాలి. ఒకేసారి అరడజను కొనేసి బాధపడకండి.

2000లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 183వ ఒడంబడిక పాలిచ్చే తల్లికి రోజుకు కనీసం ఒక విరామమో, లేదా పని గంటల్లో తగ్గింపో ఇవ్వాలని, ఆ సమయానికి జీతం కోయకూడదని చెప్పింది. మంచి మాటే. కానీ ఆ విరామంలో సగం మెడ దాకా మూసుకున్న యూనిఫాం విప్పడానికీ తొడగడానికీ పోతే ఇచ్చిన హక్కు ఎవరికి ఉపయోగం? పాలు కారి చొక్కా తడిస్తే మార్చుకోవడానికి రెండో యూనిఫాం కూడా ఇవ్వని చోట్లున్నాయి. ఆ తడి మరకతో, చేతులు ఛాతీకి అడ్డంపెట్టుకుని సాయంత్రం దాకా పనిచేసినవాళ్లు మాకు తెలుసు.

ఇంకో పక్క నుంచి వచ్చే ఒత్తిడినీ వదలకూడదు. కాన్పైన కొన్ని వారాలకే చదునైన పొట్టతో ఫొటోలు, నడుముకు బిగించి కట్టే బెల్టుల ప్రకటనలు. సిజేరియన్ తర్వాత డాక్టరు సలహాతో పెట్టుకునే మెత్తటి పట్టీ ఆసరాగా ఉంటుంది, కాదనం. కానీ ఊపిరాడనంత బిగించినంత మాత్రాన పొట్ట కరగదు. విడిపోయిన పొట్ట కండరాలు దానివల్ల అతుక్కోవు. ఆ ఒత్తిడంతా కిందికి, అప్పుడే కోలుకుంటున్న కటి కండరాల మీదకి దిగుతుంది. తొమ్మిది నెలలు పెరిగిన శరీరాన్ని తొమ్మిది వారాల్లో దాచెయ్యమనడం కూడా ఆ మెమో లాంటిదే. దాని మీద సంతకం మాత్రం ఉండదు.

చట్టాలు కొన్ని చోట్ల కదిలాయి. అమెరికాలో 2023 జూన్ 27 నుంచి అమల్లోకి వచ్చిన గర్భిణి ఉద్యోగుల చట్టం పదిహేను మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. దాని కింద ఇవ్వదగ్గ వసతులకు చెప్పిన ఉదాహరణల్లో సరిపడే సైజు యూనిఫాం, రక్షణ దుస్తులు పేరు పెట్టి ఉన్నాయి. అది మంచి అడుగు. కానీ అక్కడా ఆమే అడగాలి. అడిగి, తన అవసరం ఏమిటో చెప్పుకోవాలి. మా అభ్యంతరం మళ్లీ అక్కడికే వస్తోంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సి వస్తున్నది అమ్మే. అదీ ఎవరిని? ఏటా ఒక రోజు మాతృత్వం గురించి బ్యానర్లు కట్టి, వేదికెక్కి మాట్లాడేవాళ్లని. తల్లి దేవతతో సమానమని మైకులో చెప్పి, మర్నాడు ఆమె చొక్కా లోపలికి దోపుకుందా లేదా అని చూస్తున్నారు. నోటితో పొగిడి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారా? అడగనివ్వండి. ఒక సంస్థలో ఒకేసారి ఎంతమంది గర్భిణులుంటారు? వాళ్లందరికీ పొట్ట దగ్గర సాగే పట్టా ఉన్న ప్యాంట్లు, ముందు తెరుచుకునే చొక్కాలు రెండేసి ఇస్తే కూలిపోయే సంస్థ ఏదైనా ఉంటే దాని పేరు చెప్పండి, అచ్చు వేస్తాం.

యూనిఫాం ఆర్డరు ఇచ్చేటప్పుడు చిన్న, మధ్య, పెద్ద సైజుల పక్కన గర్భిణుల కొలత, పాలిచ్చే తల్లుల కొలత అని రెండు వరుసలు రాయండి. గర్భం సంగతి ఆమె చెప్పిన రోజే ఆ బట్టలు ఆమె చేతికి ఇవ్వండి, దరఖాస్తు ఫారం కాదు. కాన్పు తర్వాత తిరిగొచ్చిన రోజు మళ్లీ కొలత తీసుకోండి. ఆ బట్టలు కుట్టి వచ్చేదాకా చొక్కా బయటికే ఉంటుంది. ఆ మెమో ఇచ్చిన అధికారి దాన్ని ఈ రోజే, ఆమె ఎదుట, వెనక్కి తీసుకోవాలి.