అయిదో గేరు ఎవరికి కావాలి?

ఆదివారం పొద్దున, అనంతపురంలో ఒక మెకానిక్ షెడ్డు. ఒక పక్క 1978 నాటి మహీంద్రా సీజే-3బీ జీపు, పెట్రోలు ఇంజనుది. ఇంకో పక్క గోనెసంచి మీద గుజిరీ నుంచి తెచ్చిన బొలెరో అయిదు గేర్ల బాక్సు. జీపు నా మిత్రుడిది. పామిడి దాటాక పెన్న పక్కన వాళ్లకు చీనీ తోట ఉంది. షెడ్డు అతని మేనమామది. జీపుకున్న మూడు గేర్ల టీ-90 బాక్సు రెండో గేరులో నిలవడం లేదు. దాన్ని తీసేసి అయిదు గేర్లది ఎక్కించాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా అన్నది తగువు. నేను టీ తాగుదామని వెళ్లి మధ్యలో ఇరుక్కున్నాను.

అల్లుడు: ఇంక ఆలోచించేదేముంది మామా? రెండో గేరులో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, లివరు బయటికి దూకుతుంది. నెల నుంచి ఎడమ చేత్తో పట్టుకునే నడుపుతున్నా.

మామ: దూకుతుంది సరే, ఎందుకు దూకుతుందో చూశావా? ఇటు రా.

(బాక్సు కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి, కారిన నూనె చుక్క అరచేతిలో పట్టుకుని ఎండకు తిప్పాడు. పసుపు పొడి మిలమిల మెరిసింది. జేబులోంచి అయస్కాంతం తీసి అందులో ముంచాడు. ఏమీ అంటుకోలేదు.)

మామ: ఇది ఇత్తడి. గేరు మెత్తగా పడేలా చూసే సింక్రో రింగులు, వాషర్లు అరిగిన పొడి. పళ్లు విరిగుంటే ఇనుప ముక్కలు వచ్చేవి, ఒక్కటీ లేదు. ఎవరో మహానుభావుడు ఇందులో జీఎల్-5 రకం గేరు నూనె పోశాడు. అది యాక్సిల్‌లో ఉండే డిఫరెన్షియల్‌కు మంచిదే. అందులో కలిపే గంధకం మందు ఇత్తడిని మాత్రం తినేస్తుంది. రింగులు, వాషర్లు, బేరింగులు మారిస్తే ఇంకో పదేళ్లు తిరుగుతుంది ఈ బాక్సు.

(ఆ మహానుభావుడు ఎవరో మా మిత్రుడి మొహం చూస్తేనే తెలిసిపోయింది.)

అల్లుడు: బాగుచేసినా అవే మూడు గేర్లు కదా. మొదటి గేరుకు సింక్రో పుట్టుకతోనే లేదు. బండి పూర్తిగా ఆగితేనే పడుతుంది. ఇక హైవే సంగతి చూడు. వెనక యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు 5.38 చుట్లు. 80లో పోతే ఇంజను నిమిషానికి దాదాపు 3,150 చుట్లు తిరుగుతోంది. పిస్టన్ కదిలే స్ట్రోకు 111 మిల్లీమీటర్ల ఇంజను అది, అంత పొడుగు స్ట్రోకు పెట్టుకుని అన్ని చుట్లు ఎంతసేపు తిరుగుతుంది? అయిదో గేరు నిష్పత్తి 0.8 అనుకో, అదే స్పీడులో 2,500కి దిగుతుంది.

మామ: నీ తోటకు హైవే మీద ఎంత దూరం?

అల్లుడు: పామిడి దాకా ఒక ముప్పై కిలోమీటర్లు.

మామ: 60లో పోతే అరగంట. 80లో పోతే ఇరవై మూడు నిమిషాలు. ఏడు నిమిషాల కోసం బాక్సు మారుస్తావా? నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, బూస్టరు లేదు. నలభై నాలుగో నంబరు హైవేలో ముందు లారీ ఉన్నట్టుండి ఆగితే నీ అయిదో గేరు ఏం పట్టుకుంటుంది?

అల్లుడు: హైవే వదిలెయ్ మామా. తోట దగ్గరికి రా. ట్యాంకరు ట్రాలీ తగిలించుకుని పెన్న ఇసుకలోంచి గట్టెక్కాలి. టీ-90 మొదటి గేరు 2.8. ముందు, వెనక యాక్సిల్‌లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుది లో-గేరు 2.46. యాక్సిల్ 5.38. మూడూ గుణిస్తే 37. బొలెరో బాక్సు మొదటి గేరు 3.7 అనుకుందాం, 49 వస్తుంది. అదే ఇంజను చక్రాన్ని మూడో వంతు ఎక్కువ బలంతో తిప్పుతుంది. క్లచ్చు కాలిన వాసన ఉండదు.

(మామ జవాబు చెప్పలేదు. టీ గ్లాసు కింద పెట్టి బీడీ వెతుక్కున్నాడు. హైవే మాట ముచ్చట కోసం, ఈ మాట అవసరం కోసం అన్నదని నాకూ అనిపించింది. అల్లుడు ఇక్కడే ఆపి ఉంటే గెలిచేవాడేమో.)

అల్లుడు: పైగా ఆర్సీలో గేర్‌బాక్సు నంబరు ఎక్కడా ఉండదు. ఇంజను మారిస్తే ఆర్టీఓ దగ్గరికి పరుగెత్తాలి గానీ, దీన్ని ఎవరడుగుతారు?

మామ: బండిని కంపెనీ ఇచ్చిన తీరు దాటి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కు నిలబడేది నువ్వే, నేను కాదు. అది నీ తలనొప్పి. నా తలనొప్పి వేరే ఉంది. టేపు పట్టుకో.

(ఇద్దరూ జీపు కిందికి దూరారు. అట్టముక్క, పెన్సిలు నా చేతికొచ్చాయి.)

మామ: ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక యాక్సిల్ హౌసింగ్ దాకా షాఫ్టు ఎంత?

అల్లుడు: ఇరవైన్నర అంగుళాలు.

మామ: ఇప్పుడు ఆ బొలెరో బాక్సు కొలువు. మధ్యలో ఇంజనుకు దాన్ని కలిపే అడాప్టర్ ప్లేటు మందం కూడా కలుపుకో. పాత బాక్సు కన్నా ఎంత పొడుగు?

అల్లుడు: ...ఏడు.

మామ: మిగిలింది పదమూడున్నర. ఈ జీపు వీల్‌బేసే, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరమే, 80 అంగుళాలు. షాఫ్టు పైకొనకూ కిందికొనకూ నాలుగంగుళాల తేడా ఉందనుకో. ఇప్పుడు 11 డిగ్రీల వాలు. రేపు 16 దాటుతుంది. గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు ఇంకా ఎక్కువ. షాఫ్టు కొనల కీళ్లలోని క్రాసులు చెరుకు గడల్లా విరుగుతాయి.

అల్లుడు: ఇంజన్ని ముందుకు జరుపు.

మామ: జరుపుతా, ఫ్యాను రేడియేటర్లో పెట్టుకుంటా.

అల్లుడు: అయితే బొలెరో ఫోర్‌వీల్ ట్రాన్స్‌ఫర్ కేసే తెచ్చి పెడదాం.

మామ: దాని వెనక షాఫ్టు మధ్యలోంచి వస్తుంది. నీ జీపు డిఫరెన్షియల్ పక్కకు జరిగి ఉంది. హౌసింగ్ కూడా మార్చాలి. హౌసింగ్ మారిస్తే నిష్పత్తి మారుతుంది, ముందు యాక్సిల్‌కూ అదే నిష్పత్తి కావాలి. ఆ తర్వాత స్ప్రింగు పట్టీలు, బ్రేకు పైపులు. గేర్‌బాక్సు ఒక్కటే అన్నావు పొద్దున. ఇక ప్లేటు లేత్ మీద చేయించాక క్లచ్చు గూడు బెల్‌హౌసింగ్ నడిమధ్య ఇంజను క్రాంక్ నడిమధ్యతో కలిసిందో లేదో డయల్ గేజి పెట్టి చూడాలి. అయిదు థౌ, అంటే అంగుళంలో అయిదు వెయ్యో వంతులు, మించి తేడా వస్తే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు బతకదు. ఆ పని కంటితో చూసి చేసేవాళ్లే ఎక్కువ. ఆర్నెల్లకు మళ్లీ నా దగ్గరికే వస్తారు.

అల్లుడు: అమెరికాలో ఈ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, పంపుల్లాంటివి తిప్పే పీటీఓ తగిలించే చోట, ఓవర్‌డ్రైవ్ అనే అదనపు గేరు పెట్టుకునేవాళ్లట. ఇంజను చుట్లు 25 శాతం తగ్గుతాయట.

మామ: మంచి సామాను. తెప్పించు, నేనే బిగిస్తా. షాఫ్టు పొడుగు మారదు. దాంతో ఇసుకలో బలం మాత్రం పెరగదు.

(అల్లుడు ఒప్పుకున్నాడని చెప్పలేను. మామ టీ-90 పై మూత విప్పాడు. రెండో గేరు పక్కనున్న చిన్న పళ్ల మొనలు గుండ్రంగా అరిగి, వాడేసిన సబ్బుబిళ్ల అంచుల్లా ఉన్నాయి.)

మామ: ఈ గేరు కూడా మార్చాలి. పాత జీపులు విప్పేవాళ్ల దగ్గర వెతుకుదాం. నూనె మాత్రం ఈసారి నేను పోస్తా. ఆ బొలెరో బాక్సు ఎవరికైనా ఇచ్చేయమంటావా? అడిగేవాళ్లున్నారు.

అల్లుడు: వద్దు మామా. ఉండనీ.

మామ: ఉంచి?

అల్లుడు: వీల్‌బేసు 91 అంగుళాలున్న ఎమ్మెమ్ 540 జీపు ఒకటి అమ్మకానికి ఉందని గుత్తి నుంచి ఫోనొచ్చింది.