కట్టినవాళ్ళు వేరు, కట్టించినవాళ్ళు వేరు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పోయిన వారం ఏడ్చినంత పని చేసింది. సీనియర్లందరికీ ఇంగ్లీషులో మెయిల్ పంపుతూ, సాయంత్రం 4 గంటల మీటింగ్‌కి మిమ్మల్ని 'సమన్' చేస్తున్నాను అని రాసింది. ఒక పెద్దాయన అందరి ముందూ "నువ్వెవరమ్మా మమ్మల్ని సమన్ చేయడానికి?" అని అడిగేశారు. తను చేసిన తప్పేంటో ఆ పిల్లకి అర్థమే కాలేదు. డిక్షనరీ చూసే రాసింది మరి. అందులో 'పిలుచు' అని ఉంది.

నాకు కోపం వచ్చింది ఆ అమ్మాయి మీద కాదు. గ్యాదర్, కన్వీన్, సమన్, మస్టర్, అసెంబుల్ అన్నిటినీ 'సినానిమ్స్' పేరుతో ఒకే వరసలో రాయించి, బట్టీ పట్టించి, మార్కులు వేసి పంపించేసే చదువు మీద. జనాన్ని ఒకచోటికి చేర్చే ప్రతి ఇంగ్లీషు క్రియలోనూ ఒక ప్రశ్నకి జవాబు ఉంటుంది. పిలిచిందెవరు, రానని చెప్పే వీలు ఉందా? అది చెప్పకుండా అర్థం చెబితే అది సగం అర్థమే.

సమన్ చేస్తే రాక తప్పదు. కోర్టు సమన్లు అని మనం రోజూ అనే మాటే కదా, క్లాసులో ఆ ఒక్కటి గుర్తుచేసినా ఈ అమ్మాయికి ఆ అవమానం తప్పేది. కన్వీన్ చేయాలంటే సభ పిలిచే హక్కు ఉండాలి. సంఘాలకి కన్వీనర్ ఉండేది అందుకే. గ్యాదర్‌కి అలాంటి హక్కులూ హుకుంలూ అక్కర్లేదు. వాన మొదలైతే చూరు కింద జనం గ్యాదర్ అవుతారు, కన్వీన్ అవ్వరు. ర్యాలీ అనగానే మనకి ఊరేగింపు గుర్తొస్తుంది కానీ, క్రియగా వాడితే చెదిరిపోయినవాళ్ళని మళ్ళీ కూడదీయడం అని దాని అసలు అర్థం. ఓడిపోతున్న సైన్యాన్ని ర్యాలీ చేస్తారు.

మస్టర్ దగ్గర కాసేపు ఆగాలి. దాని మూలం 'చూపించు' అనే లాటిన్ మాట. సైనికుల్ని వరసగా నిలబెట్టి, తలలు లెక్కపెట్టి, ఇదిగో ఇంతమంది ఉన్నారు అని చూపించడం. మస్టరు రోల్ అక్కడినుంచే వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు సైన్యాన్నే కాదు, ధైర్యాన్నీ మస్టర్ చేస్తారు. దీనికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది: కూడగట్టు. మద్దతు కూడగడతాం, ధైర్యం కూడగట్టుకుంటాం. ఇంత చక్కటి మాట పెట్టుకుని పిల్లలకి 'సమీకరించు' అని చెప్పడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ కూడగట్టులో ఉన్న 'కట్టు' చూడండి. ఇల్లు కడతాం, దండ కడతాం, జట్టు కడతాం. కలిపి ముడివేయడానికీ, నిలబెట్టడానికీ ఒకటే క్రియ. ఇంగ్లీషులో ఈ రెండు పనులూ చేసే మాటల్లో అసెంబుల్ ఒకటి. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 20వ అధికరణం శాంతియుతంగా అసెంబుల్ అయ్యే స్వేచ్ఛ గురించి చెబుతుంది. 1913లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ మీద కార్ల విడిభాగాలు అసెంబుల్ అయ్యాయి. మొదటిచోట మనుషులు తమంతట తాము కూడతారు. రెండోచోట వస్తువుల్ని ఇంకెవరో కూరుస్తారు. ఒక వార్తలో "కార్మికుల్ని అసెంబుల్ చేశారు" అని చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ వాక్యంలో మనుషులు కూడా విడిభాగాల్లాగే కనిపిస్తారు.

రెయిజ్ కూడా ఇలాంటిదే. సైన్యాన్ని రెయిజ్ చేస్తారు, గోడనీ రెయిజ్ చేస్తారు. సరిగ్గా అదే ఉచ్చారణతో ఇంకో క్రియ ఉంది, దానికి నేలమట్టం చేయడం అని అర్థం. స్పెల్లింగే తేడా: కట్టేది raise, కూల్చేది raze. రాసేటప్పుడు జాగ్రత్త.

ఇక నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది బిల్డ్. మనకి కట్టు, కట్టించు అని రెండున్నాయి. చిన్నపిల్లవాడు కూడా "మా తాత ఇల్లు కట్టించాడు" అంటాడు, చేతులు ఎవరివో డబ్బు ఎవరిదో ఆ ఒక్క 'ఇంచు'తో తేలిపోతుంది. ఇంగ్లీషులో రెండింటికీ బిల్డ్ అంటే సరిపోతుంది. కట్టించడాన్ని విడిగా చెప్పే వాక్యం ఇంగ్లీషులోనూ ఉంది ('హ్యాడ్ ఇట్ బిల్ట్'), కానీ మనలో వాడేవాళ్ళు తక్కువ.

గుస్తావ్ ఐఫెల్ ఐఫెల్ టవర్‌ని బిల్డ్ చేశాడు అని చదువుకున్నాం. దాని మొదటి ఆలోచన ఆయన కంపెనీలోని ఇంజనీర్లు మోరిస్ కేక్లాన్, ఎమిల్ నూగియేలది. దానికి అందమైన రూపం దిద్దింది స్తెఫాన్ సోవెస్త్ర్ అనే ఆర్కిటెక్ట్. 18,038 ఇనుప ముక్కల్ని ఫ్యాక్టరీలో తయారుచేసి తెస్తే, 1887 నుంచి 1889 దాకా రెండేళ్ళకి పైగా, 25 లక్షల రివెట్లు పట్టిన ఆ టవర్‌ని నిలబెట్టింది దాదాపు 300 మంది పనివాళ్ళు. టవర్ మీద 72 పేర్లు చెక్కారు. అవన్నీ శాస్త్రవేత్తలవీ ఇంజనీర్లవీ. రివెట్ కొట్టిన ఒక్క పనివాడి పేరూ అక్కడ లేదు. ఇంత జరిగినదాన్ని బిల్డ్ అనే ఒక్క క్రియ ఒక్క మనిషి ఖాతాలో వేసేసింది.

ఇప్పుడు అందరి ప్రొఫైల్స్‌లోనూ ఇదే. టీమ్ బిల్డ్ చేశాను, యాప్ బిల్డ్ చేశాను. తెలుగులో అడిగితే "చేయించానండీ" అని నిజాయితీగానే చెబుతారు. ఇంగ్లీషులోకి రాగానే ఆ 'ఇంచు' మాయమైపోతుంది, దాంతోపాటు రాత్రుళ్ళు కూర్చుని పనిచేసిన నలుగురూ మాయమైపోతారు.

మెయిల్ రాసిన అమ్మాయితో నిన్న మాట్లాడాను. 'ఇన్వైట్' అని రాస్తే సరిపోయేదని చెప్పాను. ఆ తర్వాత నా రెజ్యూమె తెరిచి 'బిల్ట్' అని ఉన్న మూడు చోట్లా కూర్చుని సరిచేశాను. ఒకచోట నిజంగా నేనే కట్టాను, అది అలాగే ఉంచాను. రెండోచోట 'నలుగురితో కలిసి' అని చేర్చాను. మూడోది నేను కట్టించింది. అలాగే రాశాను.