స్టూలు లేని ఓనర్లు

విజయవాడ బెసెంట్ రోడ్డులో నేను లెక్కలు రాసే బట్టల షాపులో పోయిన మంగళవారం నుంచి పనివాళ్లెవరూ లేరు. కంగారు పడకండి, ఎవర్నీ తీసేయలేదు. అందర్నీ ఓనర్లను చేశారు.

హైదరాబాదు నుంచి దిగిన ట్రైనరు గారు పొద్దున్నే అందర్నీ పట్టుచీరల సెక్షన్‌లో వరసగా నిలబెట్టి ఎంపవర్‌మెంట్ ఇచ్చారు. "ఈ షాపు ఎవరిది?" "మాది!" "నిర్ణయం ఎవరిది?" "మాది!" గాంధీనగరం దాకా వినపడే ఉంటుంది. మూడోసారి అరిచేసరికి ఒకమ్మాయికి దగ్గొచ్చి మంచినీళ్ల కోసం కదిలింది. "టోకెనేదమ్మా?" అన్నాడు ఫ్లోర్ మేనేజరు. మంచినీళ్లకైనా బాత్రూముకైనా టోకెన్ ఉండాలి. ఫ్లోరుకి ఒకటే టోకెన్. అది ఇంకో ఓనరమ్మ దగ్గరుంది. ఆ ఓనరమ్మ బాత్రూములో ఉంది. ఈ ఓనరమ్మ దగ్గు మింగి "మాది!" అంది. ట్రైనరు గారు చప్పట్లు కొట్టించారు.

సాయంత్రం ఒకావిడ నిజంగానే సొంత నిర్ణయం తీసేసుకుంది. గుణదల నుంచి వచ్చిన పెద్దావిడకి జాకెట్టు ముక్క మీద ఇరవై రూపాయలు తగ్గించింది. ఆ ఇరవై ఆవిడ జీతంలో కోశారు. ఓనరన్నాక నష్టం భరించాలి కదా. లాభం సంగతి వచ్చే సెషన్‌లో చెబుతారట.

ఇంతకీ వీళ్లడిగింది షాపు కాదు, స్టూలు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలువుకాళ్ల మీద ఉండేవాళ్లు. (నాకు కుర్చీ ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.) షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చుకున్నాయి. మన కేబినెట్ 2025 జూన్‌లో రోజు పనిని 10 గంటలకు పెంచే సవరణకు ఒప్పుకుంది. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల గోడకి వీపు ఆనించిందని సీసీ కెమెరాలో చూసి, ఫోన్ చేసి మరీ తిట్టారు. సిగ్గు లేదూ? ఆ పిల్ల కాళ్లు సాయంత్రానికి చెప్పుల్లో పట్టట్లేదు. మెడలో మాత్రం 'నేనే ఓనర్' బ్యాడ్జి.

శనివారం నాలుగు స్టూళ్లొచ్చాయి. అమ్మాయిలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మేనేజరు వాటిని అద్దాల దగ్గరికి మోయించి, పైన చీరకట్టిన బొమ్మల్ని పెట్టించాడు. రోడ్డు మీదికి బాగా కనపడాలట.