కుర్సురా మన ఎదుటే ఉందిగా!

కంప్యూటర్ డిజైనింగు, తయారీ పాఠాలను సైనిక పరికరాల భాగాలతో నేర్పితే విద్యార్థుల తలకెక్కుతాయని ఒక వ్యాసంలో చదివాను. ఒప్పుకుంటాను. కానీ విశాఖలో ఉంటూ ఎక్కడివో యుద్ధట్యాంకుల బొమ్మలు డౌన్‌లోడ్ చేసుకోవడం ఎందుకు? రామకృష్ణా బీచ్‌లో 91 మీటర్ల కుర్సురా ఒడ్డుకెక్కి కూర్చుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి. అందులో టార్పెడోను, అంటే నీటిలో దూసుకెళ్లే ఆయుధాన్ని, వదిలే గొట్టం వ్యాసం 533 మిల్లీమీటర్లు. టార్పెడో ఇరుక్కోకుండా, వదులుగా ఊగకుండా ఎంత సందు వదలాలి? టాలరెన్సుల పాఠం, అంటే కొలతలో ఎంత తేడా ఉన్నా ఫరవాలేదన్న లెక్క, అక్కడే మొదలుపెట్టవచ్చు. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. ఒక్కో ఇంజినుకు రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. ఆ ప్రొపెల్లర్ రెక్క మెలికను కంప్యూటర్ తెర మీద గీయమనండి, తెలిసొస్తుంది!

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న మిల్లింగ్ షెడ్డు, తిరిగే కట్టర్‌తో లోహం కోసే పని. నిరుడు ఒక కుర్రాడు తుపాకీ బిగించే బ్రాకెట్ నమూనా తెచ్చాడు. తెర మీద ముచ్చటగా ఉంది. లోపలి మూలలన్నీ కత్తితో కోసినట్టు తొంభై డిగ్రీలు. "కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కదా బాబూ, మూల అంత పదునుగా ఎలా వస్తుంది?" అంటే బిక్కమొహం వేశాడు. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో అల్యూమినియం ముక్క కోసి చూపించాను. మూలలో 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంపు మిగిలింది. వేలితో తడిమి చూసుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని తన డిజైన్ ఫైలు దిద్దుకున్నాడు.

అల్యూమినియం డబ్బులు మాత్రం వాళ్ల కాలేజీ నుంచి ఇంకా రాలేదు.