సముద్రపు గాజు గోడ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా స్నానాల గది పడమటి గోడపై కొలువుదీరిన సముద్రపు గాజు మొజాయిక్ గారి సముఖానికి, శ్రీకాకుళం నుంచి ఇంటి యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఈ ఆదివారం మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. పాత టూత్‌బ్రష్షుతో ముక్కముక్కనూ తోమి నీళ్లు చల్లితే, తమరు ఆకుపచ్చగా, గోధుమరంగుగా, అక్కడక్కడ నీలంగా మెరిసి నన్ను మురిపించారు. నేను భోజనం ముగించి వచ్చేసరికి ఆరిపోయి, సున్నపు తొట్టిలో ముంచి తీసినట్టు తెల్లబోయి నిలబడ్డారు.

సముద్రపు గాజు అంటే దశాబ్దాల తరబడి అలలూ ఇసుకా ఒరిపిడి పెట్టగా, ఉప్పునీరు పైపొరలోని సోడాను మెల్లగా లాగేయగా, గరుకుబారి మసకేసిన సీసాపెంకు. ఆ మసకే దాని అందమని మీ భక్తులు అంటారు. ఆ గరుకులోని కంటికానని గుంటల్లోకి, ముక్కల సందుల్లో నింపే గ్రౌట్ సిమెంటు దిగిందంటే మాత్రం ఎంత తుడిచినా వదలదు. తడి ఉన్నంతసేపూ నీరు ఆ గుంటలను కప్పి గాజును స్వచ్ఛంగా చూపుతుంది. ఆరగానే సిమెంటు పొర బయటపడుతుంది. ఈ గుట్టు తెలిసినవాడు కనుకనే మా టైల్స్ మేస్త్రీ గోడకు బకెట్టెడు నీళ్లు కొట్టి, "ఎలగ మెరిసిపోతందో సూడండి బాబూ" అని, తడి ఆరకముందే కూలి లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. గ్రౌట్ పట్టించాక అది గట్టిపడకముందే తడి స్పాంజితో తుడవవలసిన మనిషి, ఆ కాస్త సమయాన్నీ టీ కొట్టు దగ్గర గడిపాడు. పండగ వెళ్లాక వచ్చి యాసిడ్‌తో కడుగుతానన్నాడు గాని ఏ పండగో చెప్పలేదు. వచ్చినా ప్రయోజనం అనుమానమే. సందుల్లో ఉన్నదీ సిమెంటే కనుక, యాసిడ్ పైనున్న తెలుపుతో పాటు దాన్నీ తింటుంది.

తమరి వంశమర్యాద గురించి కూడా ఒక మాట. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం మన జిల్లాలోనే ఉన్నా, తమరు అటు తొంగిచూసిన పాపాన పోలేదు. యంత్రపు డ్రమ్ములో గరుకుపొడితో దొర్లించి మసకేయించిన కొత్త గాజు, వల మీద అతికించిన షీట్లుగా డబ్బాల్లో దిగింది. బారువ తీరంలో ఒక్క అలదెబ్బ తినకుండానే సముద్రం పేరు పెట్టుకోవడానికి గుండె ధైర్యం కావాలి. పైగా ఒక ముక్క పలుచన, పక్కముక్క మందం కావడంతో, పలుచనివి గ్రౌట్‌లో మునిగిపోయాయి, మందపువి తుడిచే గుడ్డను పట్టి చింపుతున్నాయి. మా బోరునీటి ఉప్పు తన వంతు మరకలు తాను వేస్తోంది. దాన్ని ఇప్పటికి వదిలేస్తున్నాను.

ఇక ఈ గారూ తమరూ చాలు. ఒసే గోడా, తడిస్తేనే గాని రంగు చూపనిదానివి నాకెందుకే? మామూలు తెల్ల టైల్సు వేయించుకున్న పక్కింటాయన వారానికొకసారి చీపురు తిప్పి హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. ఇక్కడ నీకోసం మా ఇంట్లో ఒక ఉద్యోగమే పుట్టింది. గేటు గడియ చప్పుడైతే చాలు, మా ఆవిడ వచ్చినదెవరో చూడకుండా మగ్గు పుచ్చుకుని స్నానాల గదికి పరుగెడుతుంది. మొన్న కరెంటు బిల్లు అబ్బాయి వచ్చినా నిన్ను తడిపింది. నిజం చెప్పాలంటే, పొద్దున్నే తలమీద నీళ్లు పోసుకుంటున్నంతసేపూ నీవైపు చూడబుద్ధవుతుంది. నిన్ను పగలగొట్టించకపోవడానికి అదొక్కటే కారణం.

రేపు పాలకొండ నుంచి వియ్యాలవారు వస్తున్నారు. వాళ్లు కాళ్లు కడుక్కుని బయటికి వచ్చేదాకా ఆరకు. ఆ తరువాత నీ ఇష్టం.

ఇట్లు,
మగ్గు చేతబట్టిన నీ యజమాని