నన్నయ ఆగిన చోటే

పోయిన డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం హైదరాబాదులో చేసిన గ్రంథాలయాల కార్యక్రమం ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వెనక ఫ్లెక్సీ మీద ఏడు చిన్న లైబ్రరీల పేర్లు, వాటికన్నా పెద్ద అక్షరాల్లో మన పేరు. వాటిల్లో ఒక ఫొటోలో ఒక పెద్దాయన ఎర్ర రిబ్బను కట్టిన పుస్తకం పట్టుకుని నవ్వుతూ ఉంటారు. కింద మనవాళ్ళు 'తొలి పాఠకుడి ఆనందం' అని రాశారు. అది ఆనందం కాదు. ఆ పక్కనే నిలబడ్డదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఏడు లైబ్రరీల పుస్తకాలు ఒకే కేటలాగులోకి ఎక్కించాం, ఎక్కడ ఉన్న పుస్తకాన్నయినా మీ కాలనీకి తెప్పిస్తాం అని మనం గొప్పగా చెప్పుకున్నాం కదా. ఆ మాట నమ్మి అరణ్యపర్వం రెండో పుస్తకం కావాలని రిజర్వ్ చేశారు. ఆ ప్రచురణలో అరణ్యపర్వం రెండు పుస్తకాలు. మొదటిది ఇంచుమించు నన్నయ ఆగిన చోట ముగుస్తుంది. రోజూ సాయంత్రం వాళ్ళావిడకి చదివి వినిపిస్తారట. మొదటిది అయిపోయి నెల దాటింది.

మనవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది: ఆ పుస్తకాన్ని స్టేజీ మీద ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇప్పిస్తే బాగుంటుందని. రిబ్బను కట్టించాం. (రిబ్బను నేనే కట్టాను. లోపల ఏముందో చూడలేదు.) మాస్టారు రిబ్బను విప్పి, పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, మైకు దగ్గరికి వచ్చారు.

"అమ్మా, నన్నయగారు ఆగిన చోటే మీరూ ఆగారు. ఎర్రనగారు ఎప్పుడొస్తారు?"

హాలంతా నవ్వింది. యాంకరమ్మాయి "మాస్టారి చమత్కారానికి చప్పట్లు!" అంది. చప్పట్లు పడ్డాయి. నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. మళ్ళీ అదే మొదటి పుస్తకం. ఆయన చదివేసి తిరిగిచ్చిన ప్రతి కూడా కాదు, ఇంకో లైబ్రరీ నుంచి పనిగట్టుకుని ఆటోలో తెప్పించిన ఇంకో మొదటి పుస్తకం.

ఆ రాత్రి భోజనాల దగ్గర మన కమిటీలో ఒకాయన "ఇండియాలో ఇంతేనండీ, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా సీరియస్‌గా తీసుకోరు" అన్నారు. నలుగురు తలూపారు. బిర్యానీ తింటూ నేనూ ఊపినట్టే గుర్తు. దానికి సమాధానంగానే ఈ నాలుగు మాటలు.

జీతానికి నేను చేసే పని ఇదే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి లైబ్రరీలో కేటలాగర్ని. మా రాష్ట్రంలో పైన్స్ అని ఉమ్మడి వ్యవస్థ ఉంది. ఒకే కార్డు, వందల శాఖలు. దానికోసం తయారైన ఎవర్‌గ్రీన్ అనే సాఫ్ట్‌వేర్ 2006లో పనిలోకి వచ్చింది. కొన్నేళ్ళకి అందులో 'పార్ట్' అని ఒక ఏర్పాటు చేర్చారు. ఎందుకంటే అక్కడా ఇదే గొడవ. ఉమ్మడి కేటలాగులో ఒక గ్రంథానికి ఒక రికార్డు ఉంటుంది, ఆ రికార్డు కింద అన్ని లైబ్రరీల ప్రతులూ వేలాడుతుంటాయి. పాఠకుడు రికార్డు మీద రిజర్వ్ పెడితే మెషీన్ ముందుగా ఏది ఖాళీగా దొరికితే అది పంపిస్తుంది. నవల అయితే ఇబ్బంది లేదు, ఏ ప్రతి అయినా ఒకటే. అదే పది సంపుటాల సెట్టయితే మెషీన్ కంటికి మొదటి సంపుటమూ ఏడో సంపుటమూ ఒకే పుస్తకానికి రెండు ప్రతులు. అందుకని ప్రతి పుస్తకానికీ ఇది ఎన్నో భాగమో చెప్పే లేబుల్ తగిలించాలి. ఆ లేబుల్ అన్ని లైబ్రరీల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకరు 'డిస్క్ 2' అనీ, ఇంకొకరు 'డిస్క్ టూ' అనీ రాస్తే అవి రెండు వేరు వస్తువులైపోతాయి. రెండో లైబ్రరీలో ప్రతి అరలో కూర్చునే ఉంటుంది, మొదటి లేబుల్ మీద క్యూ పెరుగుతూనే ఉంటుంది. అమెరికాలో డీవీడీ సెట్ల దగ్గర ఇలాంటివి దిద్దుతూ నేను వారాలు గడిపాను. కాబట్టి 'ఇండియాలో ఇంతే' అనే మాట నా దగ్గర చెల్లదు.

హైదరాబాదులో మనం పెట్టింది కోహా. న్యూజిలాండులో ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ఆ మాటకి మావోరీ భాషలో కానుక అని అర్థం. ఒక రికార్డు కింద ప్రతుల్ని సంపుటాలవారీగా గుంపులు చేసి, ఆ గుంపు మీదే రిజర్వ్ పెట్టే వీలు 2022 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి దానిలోనూ ఉంది. అంటే లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు.

మర్నాటి నుంచి మూడు రోజులు నేను ఏడు లైబ్రరీలూ తిరిగాను. మెట్రోలో కొంత, ఆటోలో కొంత. ఒకటి అపార్ట్‌మెంట్ సెల్లార్లో జనరేటర్ పక్కన ఉంది. ఒకటి గుడి వెనక గదిలో, ప్రసాదం వాసనతో సహా. మూడో సంపుటం అనే ఒక్క సంగతిని ఎన్ని రకాలుగా రాశారో కాగితం మీద రాసుకుంటూ పోయాను. సంపుటం 3. సంపుటము 3. సం.3. మూడవ సంపుటం. తృతీయ సంపుటము. భాగం-3. ఇంగ్లిషులో వాల్యూమ్ 3, పొట్టిగా వి3. ఒకచోట తెలుగు అంకెతో సంపుటం ౩. మనిషికి అన్నీ ఒకటే, మెషీన్‌కి తొమ్మిది. మాస్టారికి కావలసిన రెండో పుస్తకం ఆయన ఇంటికి రెండు స్టాపుల దూరంలో 'ద్వితీయ భాగము' అనే లేబుల్‌తో హాయిగా నిద్రపోతోంది. ఆ లైబ్రరీ వాళ్ళు పుస్తకం మీద ఏముంటే అదే రాశారు. మిగతావాళ్ళు అసలు లేబులే పెట్టకపోవడంతో ఆయన రిజర్వ్ ఉత్త రికార్డు మీద పడింది.

ఆ తొమ్మిదింట్లో మూడు మనవి. డాలస్ నుంచి మనవాళ్ళు పంపిన ఎక్సెల్ షీట్లో వాల్యూమ్ అని ఉంది. న్యూజెర్సీ షీట్లో వి అని ఉంది. నేను స్వయంగా జూమ్‌లో ట్రైనింగ్ ఇస్తూ చూపించిన నమూనాలో సంపుటం అని ఉంది. డేటా ఎంట్రీ చేసిన కుర్రాడిని అడిగితే "మీరు ఒక్కొక్కరు ఒక్కోలెక్క పంపిన్రు మేడం, వచ్చింది వచ్చినట్టు ఎక్కించినం" అన్నాడు. ఏమంటాను? తానా, ఆటా, నాటా, నాట్స్ అని సంఘాల పేరుతో మనమే ఇన్ని సంపుటాలుగా అచ్చయ్యాం, ఒక్క లేబుల్ మీద ఏకాభిప్రాయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ మన ఇళ్ళ గురించి కూడా కొంచెం చెప్పాలి. తెలుగు ఇంట్లో పూర్తి సెట్ నేను చూసింది తక్కువ. మొదటి సంపుటం ఎవరో 'చదివిస్తాను' అని పట్టుకెళ్తారు, అది ఇక అటే. వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, కోఠీలో కాలికో బైండింగ్ చేయించి, పైన పేరు కూడా లేకుండా అమ్మ 'రెండోది' అని చాక్‌పీస్‌తో రాసి పెట్టేది. మొదటిది ఏదని అడగకూడదు. మా నాన్న సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలూ కొనాలని పట్టు పట్టారు. మొదటి సంపుటం 1936లో వస్తే ఎనిమిదోది రావడానికి దశాబ్దాలు పట్టింది. మొదట్లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వేసింది, తర్వాత పని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేతికి వచ్చింది. నాన్న వాటిని ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక్కొక్కటిగా ఏరుకున్నారు. మొదట ఏడు, తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. బేరం కుదరక తిరిగొచ్చిన రోజు అన్నం సరిగా తినేవారు కాదు. ఐదోది చివరిదాకా దొరకలేదు. బీరువాలో నాలుగుకీ ఆరుకీ మధ్య ఒక పుస్తకం మందాన ఖాళీ ఉంచేవారు. అందులో ఇంకేదైనా పెడితే కోప్పడేవారు. ఆయన పోయాక ఆ ఏడూ నేను మన కార్యక్రమానికే ఇచ్చాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఎక్కించేటప్పుడు ప్రచురణకర్త వేరుగా ఉన్నాడని ఒకే నిఘంటువుకి రెండు రికార్డులు చేసింది కూడా నేనే. అర్ధరాత్రి, నిద్రమత్తులో. ఊరికే చెప్తున్నాను తప్ప క్షమాపణగా కాదు.

ఏడింటిలో ఒక లైబ్రరీ వేరు. సికింద్రాబాదు వైపు పాత కాలనీ. అక్కడ ముప్పై ఏళ్ళకి పైగా లైబ్రరీ చూసుకుంటున్న ఆవిడ ఉన్నారు. అందరూ లైబ్రరీ మేడం అంటారు. ఆవిడ యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి చేరిన పుస్తకాల్ని వరసగా రాసుకునే పుస్తకం, తెరిచి చూపించారు. బౌండు పుస్తకం, ఎర్ర సిరా గీతలు. సంపుటాలున్న ప్రతి గ్రంథానికీ ఒకే పద్ధతి: సం. 1/15, సం. 2/15, సం. 3/15. లేనిచోట వరస వదిలేయలేదు. 'సం. 6/15 – లేదు, తెప్పించాలి' అని ఆ వరసలోనే రాశారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం దగ్గర 'సం. 3 – ఇంతే' అని ఉంది. మూడు సంపుటాలు వచ్చినా 'అ'కారం దాటకుండానే 1923లో ఆయన పోయారు. నాలుగోది కావాలని అడిగి ఎవరూ ఎదురుచూడకుండా ఆవిడ ఆ రెండు అక్షరాలు రాసి పెట్టారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టిన పెద్దల్లో లక్ష్మణరావుగారూ ఒకరు. ఆ ఊళ్ళో, ఆయన పుస్తకానికి, నేను చూసినంతలో సరైన కేటలాగు ఎంట్రీ ఇదే.

"జూమ్‌లో ఈ సంగతి చెప్పలేదేం మేడం?" అన్నాను.

"చెప్దామనే అనుకున్నానమ్మా. మీరు అందర్నీ మ్యూట్ చేశారు కదా."

న్యాయంగా మాట్లాడాలంటే ఆవిడ పద్ధతిని ఉన్నదున్నట్టు మెషీన్లో పెట్టలేం. ఇంకా వెలువడుతున్న సెట్టుకి మొత్తం ఎంతో ముందే తెలియదు. ఇవాళ 3/15 అని రాసి రేపు పదహారోది వస్తే పదిహేను లేబుళ్ళు దిద్దాలి. మొత్తం సంఖ్య రికార్డులో, భౌతిక వివరాల దగ్గర ఉండాలి. పుస్తకం మీద అచ్చయిన 'ద్వితీయ భాగము' కూడా పారేయకూడదు, వివరణలో ఉన్నదున్నట్టు ఎక్కించాలి. వెతుక్కునేవాడికి ఆ మాట ఆధారం. లేబుల్ మాత్రం అచ్చుతో పని లేకుండా అంతటా ఒకటే: సం., ఖాళీ, 1 2 3 అంకె. సంపుటం లోపల మళ్ళీ భాగాలుంటే 'సం. 2 భా. 1'. రెండు కలిపి బైండు చేసిన పుస్తకానికి 'సం. 1-2'. ఒక్కో పుస్తకానికి వేరే పేరు, వేరే రచయిత ఉంటే అది సెట్ కాదు, వేరే రికార్డు. చెప్పాలంటే అంతే, ఒక కాగితం. ఆ కాగితం రాయకుండా మనం ఏడు కంప్యూటర్లు, ఏడు బార్‌కోడ్ స్కానర్లు, ముప్పై రెండు శాలువాలు కొన్నాం. శాలువాలు నేను లెక్కపెట్టాను.

అవతలి పక్షం కూడా వింటాను. అక్కడ పని చేసేది వాలంటీర్లు, వాళ్ళని నిబంధనలతో విసిగిస్తే మానేస్తారు అని మన కమిటీ భయం. నిజమే. కానీ మూడు రోజుల్లో నాకు విసుగు కనిపించింది నిబంధన ఉన్నందుకు కాదు, రోజుకొకటి వచ్చినందుకు.

అందుకని ఒక విన్నపం. ఈ డిసెంబరుకి మళ్ళీ టిక్కెట్లు బుక్ చేసుకుంటున్నారు కదా. సూట్‌కేసుల్లో పుస్తకాలు నింపే ముందు సెట్ పూర్తిగా ఉందో లేదో చూసి, లేని అంకె రాసి పంపండి. ఎక్సెల్ షీట్లు ఇటునుంచి పంపడం ఆపేద్దాం. లేబుల్ ఎలా ఉండాలో ఆ ఏడు లైబ్రరీలవాళ్ళే ఒక మధ్యాహ్నం కూర్చుని తేల్చుకోనివ్వండి, మేడంగారు రిజిస్టరు పట్టుకుని ముందు కూర్చోవాలి, మనం మ్యూట్‌లో ఉందాం. శాలువాల డబ్బుతో లైబ్రరీ సైన్సు చదివిన ఒక కుర్రాడికో అమ్మాయికో ఆర్నెల్లు సగం రోజు జీతం ఇస్తే పాత లేబుళ్ళన్నీ దిద్దడం అయిపోతుంది. స్టేజీ ఒక్క ఏడాది లేకపోతే మనకేం తక్కువ కాదు. నిజానికి తక్కువే అనిపిస్తుంది, నాకూ ఫొటో అంటే ఇష్టమే, కానీ ఒక్క ఏడాది.

మాస్టారికి రెండో పుస్తకం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, రిబ్బను లేకుండా.

పోయిన వారం మేడంగారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. నాన్న నిఘంటువుకి ఉన్న రెండు రికార్డులూ ఆవిడే కలిపించేశారట. "మీ నాన్నగారి సెట్లో ఐదోది లేదు కదమ్మా. లేదు అని రిజిస్టర్లో రాసేయమంటారా?"

డిసెంబరులో వస్తున్నాను, ఆదివారం అబిడ్స్‌లో వెతుకుతాను అన్నాను.

"అయితే పెన్సిల్‌తో రాస్తాను" అన్నారు.