ఆపమంటే ఐసులో పెట్టారు

రాత్రిపూట కంప్యూటర్లో వరసగా వాటంతటవే నడిచే పనుల గుంపుని బ్యాచ్ అంటారు, అందులో ఒక్కో పనీ ఒక జాబ్. ఈ రాత్రి బ్యాచ్‌లో జరిగే గందరగోళాల్లో సగం "కాసేపు" అన్న మాటతోనే మొదలవుతాయి. ఇదీ అంతే. రాత్రి 10:30కి డేటాబేస్ చూసుకునే ఆయన నుంచి ఆపరేటర్‌కి చాట్‌లో ఓ కబురు వచ్చింది.

"సార్, 11 నుంచి 12 దాకా మెయిన్ టేబుల్ మీద ఇండెక్స్ పని ఉంది. లోడ్ జాబ్‌ని కాసేపు ఆపగలరా?"

"దానికేం భాగ్యమండీ, ఇప్పుడే ఆపేస్తాను."

ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు.

అక్కడ నడుస్తున్నది ఆటోసిస్, అంటే జాబుల్ని వేళకి, వరసకి నడిపే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్. అందులో జాబ్‌ని ఆపడానికి సెండ్‌ఈవెంట్ అనే కమాండు ఉంది. దాని చివర జాబ్_ఆన్_హోల్డ్ అనైనా రాయొచ్చు, జాబ్_ఆన్_ఐస్ అనైనా రాయొచ్చు. స్టేటస్ చూపించే చోట మొదటిది ఓహెచ్ అని, రెండోది ఓఐ అని కనబడుతుంది. తేడా ఒక్క అక్షరం. ఆపరేటర్ గారు క్షణం ఆలోచించారు. హోల్డ్ అంటే ఊరికే చెయ్యి పట్టుకుని ఆపడం. ఎవరైనా లాగితే వెళ్లిపోవచ్చు. ఐసు అంటే గడ్డకట్టించడం, కదిలే ప్రసక్తే లేదు. అవతలివారు అడిగింది ముఖ్యమైన పని కాబట్టి గట్టిగా ఆపడమే మంచిదనుకున్నారు. ఐసు కొట్టారు.

నిఘంటువు ప్రకారం ఈ తర్కానికి వంక పెట్టలేం. ఆటోసిస్ ప్రకారం మాత్రం హోల్డ్ అంటే క్యూలో ఒకరిని నిలబెట్టేయడం. వెనకున్నవాళ్లంతా కూడా నిలబడతారు. ఐసు అంటే ఆ మనిషిని క్యూలోంచి పక్కకి తీసేయడం. వెనకవాళ్లు ఓ అడుగు ముందుకు జరుగుతారు. ఐసులో ఉన్న జాబ్ నడవదు, కానీ దాని మీద ఆధారపడ్డ జాబులు అది విజయవంతంగా ముగిసినట్టే భావించి బయల్దేరతాయి. కంట్రోల్-ఎం అనే ఇంకో షెడ్యూలర్‌లో ఇలాంటి పనికి 'డమ్మీ' అని పేరు పెట్టారు. ఆ మాట వినగానే ఎవరికైనా ఓ అనుమానం తగులుతుంది. ఐసు అనే పేరు వింటే హాయిగా ఉంటుంది తప్ప అనుమానం రాదు.

ఇప్పుడు ఆ బ్యాచ్ సంసారం కాస్త చెప్పుకోవాలి. రాత్రి 11కి మొదలయ్యే బాక్సు (జాబుల్ని కలిపి ఉంచే గుంపు) ఒకటి, లోపల ఐదు జాబులు. మొదటిది ఫైల్ వాచర్. బయటినుంచి రావాల్సిన ఫైలు వచ్చిందా, వస్తే పెరగడం ఆగిందా అని 60 సెకన్లకోసారి తొంగిచూస్తుంది. అది ముగిస్తే లోడ్ జాబ్ ఆ ఫైలుని టేబుల్‌లోకి ఎక్కించి, ఫైలుని ఆర్కైవ్ ఫోల్డర్‌కి తరలిస్తుంది. దీనికి 20 నిమిషాలు. తర్వాత లెక్కల జాబ్, 40 నిమిషాలు. ఆ తర్వాత రిపోర్ట్. చివరగా దాన్ని పెద్దలందరికీ పంపే మెయిల్ జాబ్. లెక్కల జాబ్‌కి రాసిన కండిషన్ ఒక్కటే, "లోడ్ సక్సెస్ అయితే". ఫైలు వచ్చిందా లేదా అన్నది దాని లెక్కలో లేదు. లోడ్ చూసుకుంటుందిగా అని దాని ధీమా.

11 అయింది. బాక్సు మొదలైంది. లోపలి జాబులు ఏసీ అన్న స్టేటస్‌లోకి వచ్చాయి. యాక్టివేటెడ్ అన్నమాట, చల్లదనానికీ దీనికీ సంబంధం లేదు. చల్లగా ఉన్నది లోడ్ ఒక్కటే. ఫైల్ వాచర్ తన కాపలాకి వెళ్లింది. అదే సమయంలో షెడ్యూలర్ లెక్కల జాబ్ కండిషన్ చూసింది. లోడ్ ఐసులో ఉంది, అంటే కండిషన్ తీరినట్టే. లెక్కల జాబ్ బయల్దేరిపోయింది. ఆ రోజు ఫైలు ఇంకా రానేలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇక్కడ షెడ్యూలర్‌ని తిట్టడం అన్యాయం. యూనిక్స్ లోకంలో తెర వెనక నడిచే ప్రోగ్రాముని డీమన్ అంటారు. ఆటోసిస్ షెడ్యూలర్ ప్రాసెస్ పేరు మాత్రం ఇప్పటికీ ఈవెంట్_డెమన్, అంటే అచ్చంగా దయ్యమే. కానీ దాని పని అమాయకమైనది. ఈవెంట్ సర్వర్ అనే డేటాబేస్‌లో కొత్త ఈవెంట్ పడిందా అని చూడటం, కండిషన్లు కుదిరితే ఫలానా మెషీన్ మీద ఉన్న ఏజెంటుకి "ఇది నడుపు" అని చెప్పడం. ఏజెంటు ఆ జాబ్ ఓనర్ పేరు మీద కమాండు నడిపి, వచ్చిన ఎగ్జిట్ కోడ్‌ని వెనక్కి పంపుతుంది. అంతా మాట మీద నిలబడే జనం. పైగా భద్రత కోసం అక్కడ ఈవెంట్ సర్వర్లు రెండు పెట్టుకున్నారు. ఒకటి పడిపోతే ఇంకోటి ఉంటుంది. ప్రైమరీ షెడ్యూలర్ పోతే అందుకోవడానికి షాడో షెడ్యూలర్, వాళ్లిద్దరి మధ్య తగువు తీర్చడానికి టై-బ్రేకర్. మెషీన్ చచ్చిపోతే కాపాడే ఏర్పాట్లు అన్నీ ఉన్నాయి. ఆపరేటర్ గారు కొట్టిన ఐసు కూడా ఒక్క పొల్లు పోకుండా రెండు డేటాబేసుల్లోనూ భద్రంగా రాయబడింది.

లెక్కల జాబ్ 40 నిమిషాలూ శ్రద్ధగా నడిచింది, నిన్నటి డేటా మీద. నిజానికి ఈ ప్రమాదాన్ని ఎవరో ముందే ఊహించారు. స్క్రిప్టులో టేబుల్‌లోని తేదీని సరిచూసే నాలుగు లైన్లు ఉన్నాయి. ఆ రాత్రి అవి పని కూడా చేశాయి. "హెచ్చరిక: టేబుల్‌లో ఉన్నది నిన్నటి తేదీ" అని లాగ్ ఫైల్లో స్పష్టంగా రాశాయి. రాసి, పక్కకి తప్పుకున్నాయి. స్క్రిప్టు ముందుకు సాగింది. చివరి లైను "లెక్కలు పూర్తయ్యాయి" అని ప్రింట్ చేసే ఎకో. షెల్ స్క్రిప్టులో ప్రత్యేకంగా ఎగ్జిట్ అని రాయకపోతే, ఆఖరి కమాండు ఫలితమే స్క్రిప్టు ఫలితం. ఎకో ఎప్పుడైనా విఫలమవుతుందా? ఎగ్జిట్ కోడ్ సున్నా. సున్నా అంటే ఏజెంటుకి విజయం, షెడ్యూలర్‌కి ఎస్‌యూ (సక్సెస్), తెర మీద ఆకుపచ్చ. ఇల్లు కాలిపోతోందని డైరీలో రాసుకుని నిద్రపోయే కాపలాదారు ఈ స్క్రిప్టు కంటే ఘోరమేమీ కాదు. ఆ హెచ్చరిక కింద 'ఎగ్జిట్ 1' అని ఒక్క లైను ఉండి ఉంటే లెక్కల జాబ్ ఎర్రబడేది, రిపోర్ట్ కదిలేది కాదు, ఈ వ్యాసమూ ఉండేది కాదు.

మరోపక్క డేటాబేస్ ఆయనకి ఇంకో రకం ఆశ్చర్యం. లోడ్‌ని ఆపించారు, అయినా ఇండెక్స్ పనికి టేబుల్ మీద లాక్ (ఆ కాసేపు ఇంకెవరూ ముట్టుకోకుండా వేసే తాళం) దొరకడం లేదు. దొరకదు మరి. అదే టేబుల్‌ని లెక్కల జాబ్ చదువుతోంది. పాపం ఆయన 11:41 దాకా తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఈలోగా 11:18కి ఫైలు వచ్చింది. వాచర్ రెండు నిమిషాలు పరికించి, ఇక పెరగడం లేదని నిర్ధారించుకుని, 11:20కి సగర్వంగా విజయం ప్రకటించింది. వినడానికి ఎవరూ లేరు. వినాల్సిన లోడ్ ఐసులో ఉంది. 11:50కి మెయిల్ జాబ్ నిన్నటి అంకెలకి ఇవాల్టి తేదీ తగిలించి పెద్దలందరికీ పంపేసింది. బాక్సు ముగిసింది. ఎస్‌యూ.

12:40కి ఆ రాత్రికి వీలైనంత ఇండెక్స్ పని అయింది. "ఇవాల్టికి అయిపోయిందండీ, వదిలేయండి" అని కబురు. ఆపరేటర్ గారు జాబ్_ఆఫ్_ఐస్ కొట్టి కూర్చున్నారు. లోడ్ స్టేటస్ ఐఎన్, అంటే ఇనాక్టివ్, అయింది. అంతే, కదల్లేదు. హోల్డ్‌లో ఉన్న జాబ్‌ని వదిలితే, కండిషన్లు కుదిరి ఉంటే వెంటనే పరుగెడుతుంది. ఐసు నుంచి దిగిన జాబ్ అలా కాదు. జరిగిపోయినవాటితో దానికి సంబంధం లేదు. కండిషన్లు మళ్లీ కొత్తగా కుదరాలి. పైగా అది బాక్సులోని జాబ్. బాక్సు ముగిసిపోయి గంట కావస్తోంది. కరిగేదాకా ఆగుదామని ఆయన 25 నిమిషాలు చూశారు. 1:05కి ఓపిక కరిగింది. ఫోర్స్_స్టార్ట్‌జాబ్ కొట్టారు. అది కండిషన్లు అడగదు, బాక్సు సంగతి అడగదు, నడిపేస్తుంది. 1:25కి లోడ్ ముగిసింది, ఫైలుని ఆర్కైవ్‌కి తరలించింది. బాక్సు నడవడం లేదు కాబట్టి దాని వెనక ఏ జాబూ కదల్లేదు.

ఇప్పుడు తెర చూస్తే ఐదు జాబులూ ఆకుపచ్చ. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం! స్టేటస్ కాలమ్ చూస్తే ఏ దోషమూ కనబడదు. దోషం దాని పక్కనున్న టైముల్లో ఉంది. లోడ్ ముగిసింది 1:25కి, దాని ఫలితం మీద ఆధారపడే లెక్కల జాబ్ మొదలైంది 11:00కి. షిఫ్టు ముగిసే ముందు ఆ కాలమ్ వైపు కన్నెత్తి చూసేవాళ్లు అరుదు. ఈ ఆపరేటర్ గారు చూశారు. అందుకు ఆయనకి నమస్కారం పెట్టాలి. చూసి చేసిన పనికి మాత్రం కాదు.

సందేహం ఎందుకని బాక్సు మొత్తాన్ని 1:40కి ఫోర్స్ స్టార్ట్ చేశారు. మొదటినుంచి చక్కగా నడుస్తుందని ఆశ. బాక్సు మొదలైంది, జాబులన్నీ ఏసీ అయ్యాయి, వాచర్ ఫైలు కోసం తొంగిచూడటం మొదలెట్టింది. ఫైలెక్కడుంది? పదిహేను నిమిషాల క్రితమే లోడ్ దాన్ని ఆర్కైవ్‌లో పడేసింది. వాచర్‌కి ఆ సంగతి తెలియదు. దానికి టర్మ్_రన్_టైమ్ కూడా పెట్టలేదు, అంటే ఇన్ని నిమిషాలు చూసి మానెయ్యి అని చెప్పినవారు లేరు. 2 గంటలకి షిఫ్టు మారింది. కొత్తగా వచ్చినాయన వాచర్ ఎదురుగా ఆర్‌యూ, అంటే రన్నింగ్, చూసి "ఫైలు ఇంకా రాలేదన్నమాట" అనుకున్నారు. ఏ రాత్రి చూసినా సహేతుకమైన నిర్ణయమే అది.

అలారం లేదా అంటే, ఉంది. బాక్సుకి 240 నిమిషాల మ్యాక్స్_రన్_అలారం పెట్టారు. 5:40కి నిక్కచ్చిగా మోగింది కూడా, అలారాల విండోలో. ఆ విండోలో అంతకుముందే పెండింగ్‌లో అంతులేనన్ని అలారాలున్నాయి. నిజమైనదేదో అబద్ధమైనదేదో తెలియక దాన్ని ఎప్పుడో మినిమైజ్ చేశారు. (అన్నిటికీ అలారం పెట్టడమంటే దేనికీ పెట్టకపోవడమే. ఈ మాట మీటింగుల్లో చెబితే ఇంకో అలారం పెడతారు.)

ఉదయం 8:30కి పెద్దల్లో ఒకరు ఫోన్ చేశారు. "ఇవాల్టి మొత్తం, నిన్నటి మొత్తం చివరి అంకె దాకా ఒకటే వచ్చింది. అంత నిలకడగా ఉన్నామా?"

అప్పుడు దిగారు సీనియర్ మేడమ్. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. జాబుల స్టేటస్, టైములు చూపించే ఆటోరెప్ కమాండుతో వెనకటి రన్ చూపించమని అడిగి, టైములు కాగితం మీద వరసగా రాసుకున్నారు. "లోడ్‌ని ఏం చేశారు?" అన్నారు.

"ఆపాను మేడమ్."

"ఎలా ఆపారు?"

"గట్టిగా."

ఆవిడకి అర్థమైంది. పక్కనున్న కుర్రాడు వాచర్‌ని సక్సెస్ అని మార్చేద్దామన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. అలా చేస్తే మరుక్షణం లోడ్ బయల్దేరి, లేని ఫైలుని ఎక్కించబోతుంది. ముందు వాచర్‌కి కిల్‌జాబ్. తర్వాత బాక్సు స్టేటస్‌ని ఇనాక్టివ్‌కి మార్చడం, దాంతో లోపలివన్నీ ఇనాక్టివ్ అవుతాయి. డేటా 1:25కే సరిగ్గా ఎక్కింది కాబట్టి లోడ్‌ని ముట్టుకోకూడదు. లెక్కల జాబ్‌ని ఫోర్స్ స్టార్ట్ చేసి, ముగిశాక లాగ్ తెరిచి తేదీ హెచ్చరిక లేదని కళ్లతో చూసి, అప్పుడు రిపోర్ట్, అది తెరిచి చూశాక మెయిల్. బాక్సు నడవదు కనుక ఒక్కొక్కదాన్నీ చేత్తో తోయాల్సిందే. గంటలో అయిపోయింది. అయితే ఒకే పేరుతో రెండు రిపోర్టులు వెళ్లాయి కాబట్టి "మొదటిది పట్టించుకోవద్దు" అని మూడో మెయిల్ పంపాల్సి వచ్చింది. పెద్దల్లో సగం మంది మూడోదాన్నే పట్టించుకోలేదు.

ఇలాంటప్పుడు "ఈ హంగామా అంతా ఎందుకు, క్రాన్ చాలదా" అనేవారు ఒకరు తప్పకుండా ఉంటారు. క్రాన్ అంటే యూనిక్స్‌లో గడియారం చూసి జాబ్ నడిపే చిన్న ఏర్పాటు. వచ్చారు కూడా. ఆయన క్రాన్‌లో రాత్రి 2 గంటల జాబ్ కోసం గంట గడిలో 2 పెట్టి, నిమిషం గడిలో 'ప్రతి నిమిషం' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు (*) పెట్టి వదిలేసిన మనిషి. అది 2:00 నుంచి 2:59 దాకా నిమిషానికోసారి, మొత్తం 60 సార్లు నడిచింది. కాబట్టి ఆయన సలహా ఎవరూ తీసుకోలేదు.

సాయంత్రానికి ఆపరేటర్ల నోట్సులో ఎర్ర అక్షరాలతో ఓ లైను చేరింది. 'ఆపమంటే హోల్డ్. ఐసు కొట్టాలంటే మేడమ్‌ని అడగాలి.' వాచర్‌కి 180 నిమిషాల టర్మ్_రన్_టైమ్ పెట్టారు. స్క్రిప్టులో 'ఎగ్జిట్ 1' చేరింది.

రాత్రి 10:30కి డేటాబేస్ ఆయన మళ్లీ వచ్చారు. "నిన్న సగమే అయిందండీ, ఇవాళ కూడా కాసేపు..." ఆపరేటర్ గారు నోట్సు చూసి, ప్రతి అక్షరం సరిచూసుకుని, జాబ్_ఆన్_హోల్డ్ కొట్టారు. లోడ్ ఎదురుగా ఓహెచ్. లెక్కల జాబ్ కదల్లేదు. రిపోర్ట్ కదల్లేదు. ఇండెక్స్ పని ఒంటిగంటకల్లా ముగిసి, వదిలేయమని చాట్‌లో కబురు కూడా వచ్చింది. ఉదయం 7కి మేడమ్ తెర తెరిచి చూస్తే బాక్సు ఆర్‌యూ, లోడ్ ఇంకా ఓహెచ్. వదలమన్న కబురు 2:05కి చదివినట్టు చాట్‌లో గుర్తు ఉంది. ఆపినాయన షిఫ్టు 2 గంటలకే అయిపోయింది.